అక్షరం వదలకుండా

రోశమ్మ ఆ రోజు ఒక ఖాళీ డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రెంటచింతల వైపు నుంచి వచ్చే బస్సు దిగి, మాచర్ల బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చిందేమో, అరుగు మీద కూలబడి చెంబెడు నీళ్ళు తాగింది. తాగాక కొంగు ముడి విప్పి డబ్బా తీసి నా ముందు పెట్టింది. అరచేతిలో పట్టేంత తెల్ల ప్లాస్టిక్ డబ్బా, పచ్చ మూత. మూత మీద ఊపిరితిత్తుల బొమ్మ ఉంది.

"అయిపోయిందమ్మా. రెండోది నీ దగ్గరే దొరికిద్దేమోనని వచ్చా. ఫోన్లో ఆర్డరు పెడితే పది రోజులు పడతంది," అంది.

ఏం డబ్బా ఇది అని అడిగాను. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వింది.

"నువ్వు చెప్పిన మందే గదమ్మా. నలభై రోజులు తాగాడు మా ఆయన."

నేను ఏ మందూ చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను, ఒక్కనాడూ ఒక్కరికీ మందు పేరు చెప్పిన పాపాన పోలేదు. కళ్ళె తెస్తే గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, టీబీ క్రిములు ఉన్నాయో లేదో రాసివ్వటం నా పని. జలుబుకి ఏం వేసుకోమంటావమ్మా అని అడిగినా డాక్టరు గదివైపు చెయ్యి చూపించేదాన్ని. రెండోసారి అడిగితే కసిరేదాన్ని. నన్ను చూస్తే సగం మందికి భయం. ఆ భయం పోకుండా నేనూ జాగ్రత్త పడ్డాను.

మరి ఆసుపత్రి మాత్రలు ఏం చేశారని అడిగాను. ఆపేశారట. డబ్బాలో కాగితం వచ్చిందట, ఈ పొడి తాగినన్నాళ్ళూ వేరే మందు ముట్టకూడదని. రోశమ్మ భర్త ఏడుకొండలుకి టీబీ ఉందని తేల్చిన పరీక్షకు పంపింది నేనే. బండల ఫ్యాక్టరీలో అతని దగ్గు విని, రెక్క పట్టుకుని లాక్కుపోయినంత పని చేశాను. ఆరు నెలలు మింగాల్సిన మాత్రలు రెండున్నర నెలలు మింగాడు, దగ్గు తగ్గింది, బరువు పెరిగాడు. ఇక గట్టెక్కాడనుకున్నాను.

నా సంగతి కాస్త చెప్పాలి. నా పేరు సుబ్బలక్ష్మి. మాచర్ల బజారులో మా నాన్నకి, ఆయన తర్వాత మా తమ్ముడికి కిరాణా కొట్టు. మా ఇళ్ళలో ఆడపిల్ల కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చోవటమే ఎక్కువనుకునే రోజుల్లో నేను పోయి ఊళ్ళోవాళ్ళ కళ్ళె చూసే ఉద్యోగంలో చేరాను. చాలాకాలం మా బంధువులు నా చేతి మంచినీళ్ళు తాగలేదు. నాకేం నష్టం రాలేదు.

ఆ ఉద్యోగంలో ఒక సంగతి గమనించాను. క్రిములు ఉన్నాయని నేను రాసిచ్చిన కాగితాల్లో బండల ఫ్యాక్టరీలవాళ్ళ పేర్లు చాలా ఎక్కువ. నాపరాయి కోసి పాలిష్ పట్టేచోట లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి గడ్డకడుతుంది. అట్లా చెడిపోయిన చోట టీబీ తేలిగ్గా పాగా వేస్తుంది. ఈ ముక్క వాళ్ళకి ఎవరూ చెప్పరు. రిటైరయ్యాక నేను ఫ్యాక్టరీలకి పోయి చెప్పటం మొదలుపెట్టాను, రాసి కూడా చెబుదామనుకున్నాను. మా తమ్ముడి కూతురు దీపశ్రీ నరసరావుపేటలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. అదే నాకు బ్లాగు పెట్టి, ఫోన్లో తెలుగు కొట్టటం నేర్పింది. ఫ్యాక్టరీల్లో నన్ను ల్యాబమ్మ అంటారు కాబట్టి బ్లాగుకి "ల్యాబమ్మ మాట" అని పేరు పెట్టింది.

రాయి కోసేటప్పుడు దుమ్ము లేవకుండా మిషను మీదికి నీళ్ళు ఎట్లా వదలాలి, మూతికి గుడ్డ ఎట్లా కట్టాలి, ఏ వారం ఎక్కడ ఎక్స్‌రే తీస్తారు, మాత్రలు మధ్యలో ఆపితే ఏమవుతుంది, ఇవే నా రాతలు. పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం పెట్టాను: "ఇక్కడ ఉన్నది అక్షరం వదలకుండా చదవండి. సగం చదివి సగం వదిలేసేవాళ్ళు మాత్రలు కూడా అట్లాగే మింగుతారు." రాసినప్పుడు భలే రాశాననుకున్నాను.

మొదటి ఏడాది బ్లాగు ఉచితం. నా రాతల మధ్యలో పేకాట యాడ్లు, బరువు తగ్గించే పొడుల యాడ్లు వచ్చేవి. తల కొట్టేసినట్టుండేది. ఇవి పోవాలంటే ఏం చెయ్యాలని దీపశ్రీని అడిగితే, ఏడాదికి ఇంతని డబ్బు కట్టాలంది. కట్టాను. ప్రకటనలు ఉండవని ఆ ప్లానులో స్పష్టంగా రాసి ఉంది. అప్పట్నుంచి నాలుగేళ్ళు పింఛనులోంచి తీసి గడువు రోజుకి కడుతూనే ఉన్నాను. ఆ నాలుగేళ్ళలో నా పేజీలో ఒక్క యాడ్ చూడలేదు. శుభ్రంగా కడిగిన గాజు పలకలా ఉండేది.

ఫ్యాక్టరీలో నా బ్లాగు చదివే పద్ధతి ఒకటుంది. అది నేను పెట్టింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలకి మిషన్లు ఆపినప్పుడు రోశమ్మ కూతురు గోపిక క్యారేజీ తెస్తుంది. ఆ పిల్ల ఇంటరు చదువుతోంది. షెడ్డులో పదిహేను ఇరవై మంది బండల మీద కూర్చుని అన్నం తింటుంటే, తల్లి ఫోను తీసుకుని నా పేజీ పైనుంచి కిందిదాకా పైకి చదువుతుంది. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. వాళ్ళకి నా బ్లాగంటే గోపిక గొంతే.

రోశమ్మ ఫోను అడిగి తీసుకున్నాను. నా బ్లాగు తెరిచాను. దుమ్ము గురించి నేను రాసిన మూడు పేరాల కింద, నా నాలుగో పేరాకి పైన ఒక బొమ్మ. తెల్ల కోటు వేసుకున్న ఒక పెద్దావిడ. పక్కన తెలుగులోనే, నా అక్షరాలంత అక్షరాలతో: "రాతి దుమ్ము దగ్గా? నలభై రోజుల్లో మీ ఊపిరితిత్తులు కడిగినట్టు శుభ్రం. ఇక్కడ నొక్కండి." మూలన ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఇది ప్రకటన అని ఉంది. ఆ అక్షరాలు చదవటానికి నాకే కళ్ళజోడు సర్దుకోవాల్సి వచ్చింది.

ఈ ఆవిడ ఎవరనుకున్నారని అడిగాను.

"నువ్వే గదా? ఫోటోలో కాస్త తెల్లగా పడ్డావనుకున్నాం," అంది రోశమ్మ.

నాకూ నెరిసిన జుట్టే, నాకూ కళ్ళజోడే. ముప్పై ఒక్క ఏళ్ళు నేనూ తెల్ల కోటే వేసుకున్నాను. గోపిక నా మూడో పేరా చదివి, ఆపకుండా దీన్నీ చదివి, నాలుగో పేరాలోకి పోయి ఉంటుంది. అక్షరం వదలకుండా చదవమన్నాను కదా, అట్లాగే చదివింది.

నా ఫోనులో అదే పేజీ తెరిచి పక్కన పెట్టాను. నా దాంట్లో బొమ్మ లేదు. మూడో పేరా, దాని కిందే నాలుగో పేరా. ఒకే అరుగు మీద రెండు ఫోన్లు, ఒకే పేజీ, ఒకదాంట్లో మందుంది, రెండోదాంట్లో లేదు. రోశమ్మ రెండిటినీ మార్చి మార్చి చూసి నా ముఖం వంక చూసింది. అప్పుడు ఆమె ముఖంలో నవ్వు పోయింది.

దీపశ్రీకి ఫోను చేశాను. అది కాసేపు అటూ ఇటూ వెతికి చెప్పింది. "నువ్వు యజమానివి అత్తా. ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటావు. డబ్బు కట్టి అట్లా ఉండేవాళ్ళకి ఇప్పుడు యాడ్లు కనపడవు. బయటినుంచి చదివేవాళ్ళకే చూపిస్తారు. పోయినేడు నీ ప్లాను మార్చారంట, మెయిలు పంపారంట."

ఆ మెయిలు నాకు వచ్చింది. పొడుగ్గా ఉందని తెరవనే లేదు. ఊరందరినీ అక్షరం వదలకుండా చదవమన్నదాన్ని.

కోపం తర్వాత చూసుకుందామని రోశమ్మతో అదే బస్సు ఎక్కాను. రెంటచింతల దగ్గర్లో వాళ్ళ ఊరు. అక్కడి ఎండకి బస్సు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దారి పొడుగునా రోశమ్మ ఒకే మాట అంటూ వచ్చింది, ఆయనకి నెమ్మదిగానే ఉందమ్మా, ముఖం నిండింది, అన్నం బాగా తింటన్నాడు అని. నాకు ఆ మాటతో ఇంకా భయం పట్టుకుంది.

ఏడుకొండలు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు ఉబ్బి, ముఖం గుండ్రంగా అయింది. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. పొడిలో స్టిరాయిడ్ కలిపి ఉంటారని ఆ ముఖం చూడగానే అనిపించింది. ఆకలి పుట్టిస్తుంది, ముఖం నింపుతుంది, లోపల టీబీకి తలుపులు బార్లా తీస్తుంది. పరీక్ష చేయించలేదు కాబట్టి ఇది నా అనుమానమే. కానీ మంచం కోడుకి వేలాడేసిన తువ్వాల మీద ఎర్ర మరకలకి ఏ అనుమానమూ అక్కర్లేదు.

అతను లేచి నిలబడబోయాడు. కూర్చోమని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ మందు నాది కాదు, ఆ బొమ్మ నేను కాదు, డబ్బు కట్టినా బ్లాగు కంపెనీవాళ్ళు నాకు కనపడకుండా నా పేజీలో దూర్చారు. దగ్గు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నాడు. అంతా విని, నెమ్మదిగా అడిగాడు.

"అయితే అమ్మా, ఆ పేజీలో నీ మాట ఏది, వాళ్ళ మాట ఏది? మాకెట్టా తెలిసిద్ది?"

రేపు పొద్దున్నే ఆసుపత్రికి రావాలని మాత్రం అన్నాను. వస్తానన్నాడు. నేనంటే ఉన్న నమ్మకం ఇంకా పోలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, వాళ్ళ ముందు ఆపుకున్నాను.

మర్నాడు పరీక్ష చేశారు. నా కుర్చీలో ఇప్పుడు ఐజాజ్ అనే కుర్రాడు కూర్చుంటున్నాడు, పని నేర్పింది నేనే. కాగితం నా చేతికివ్వకుండా డాక్టరుగారికి ఇచ్చేసి, నావైపు చూడకుండా స్లైడులు కడుక్కుంటూ నిలబడ్డాడు. మందుకు లొంగని టీబీ. మాత్రలు మధ్యలో ఆపితే ఏమవుతుందో నేను పదకొండుసార్లు రాశాను. అందులో ఉన్నదే జరిగింది. ఏడుకొండల్ని గుంటూరు పంపించారు.

ఇక కోపానికి తీరిక దొరికింది. బ్లాగు కంపెనీకి రాశాను. మొదట తెలుగులో, తర్వాత దీపశ్రీ చేత ఇంగ్లీషులో. మీ సందేశానికి కృతజ్ఞతలు అని జవాబు వచ్చింది. మీరు ఉన్న ప్లానులో పరిమితంగా ప్రకటనలు ఉంటాయి, లాగిన్ అయినప్పుడు అవి మీకు కనిపించవు కాబట్టి మీ అనుభవానికి అంతరాయం ఉండదు అని ఉంది. ఒళ్ళు మండిపోయింది. నా అనుభవం సంగతి ఎవడడిగాడు?

దీపశ్రీ వాళ్ళ ఫోరం చూపించింది. బ్లాగులు రాసేవాళ్ళు గోడు చెప్పుకునే చోటు అది. చూస్తే నాలాంటివాళ్ళు వందల మంది. చనిపోయిన తల్లిని తలుచుకుంటూ రాసుకున్న ఒకామె పేజీలో పందేల యాడ్. పిల్లల కథలు రాసే పంతులుగారి పేజీలో మగవాళ్ళ బలానికి గుళికలు. అందరూ డబ్బు కట్టినవాళ్ళే. అందరికీ ఇంకెవరో చెబితేనే తెలిసింది. ఒకాయన రాశాడు, మా చెల్లెలు ఫోను చేసి నీకు సిగ్గు లేదా అని తిట్టింది, ఎందుకు తిట్టిందో అర్థం కావటానికి నాకు వారం పట్టింది అని. అన్నిటికీ కంపెనీ జవాబు ఒకటే, ఇది పొరపాటు కాదు, ప్లానులో భాగం.

నేనూ రాశాను. ఏడుకొండలు పేరు రాయకుండా, జరిగింది మొత్తం రాశాను. చాలామంది స్పందించారు, ఒకరిద్దరు ఏడ్చామని రాశారు. కంపెనీ తరఫున ఒక అమ్మాయి జవాబిచ్చింది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఆ ప్రకటన మీద ఫిర్యాదు చెయ్యాలంటే దాని మూలలో నొక్కండి అని. నాకు ఆ ప్రకటన కనపడితే కదా మూల నొక్కటానికి. రోశమ్మ ఫోను మూల నొక్కుదామంటే, ఆమె భర్తతోపాటు గుంటూరు ఆసుపత్రిలో ఉంది. మూడు రోజులకి ఆ చర్చకి తాళం వేశారు. ఇక ఎవరూ ఏమీ రాయటానికి వీల్లేదు.

అప్పుడు నాకు తోచిన పని చేశాను. పేజీ నెత్తిన, నా పాత వాక్యం కింద, కొత్తది పెట్టాను: "ఈ పేజీలో ఏ మందు కనిపించినా అది నా మాట కాదు. ల్యాబమ్మ ఏ మందూ చెప్పదు." ఆ సాయంత్రమే గోపిక పక్కింటివాళ్ళ ఫోనులో ఆ పేజీ ఫోటో తీసి పంపింది. నా వాక్యంలో దగ్గు లేదు, దుమ్ము లేదు, మందు అనే మాట మాత్రం ఉంది. పేజీలో మాటలు చూసి యాడ్లు పెట్టేవాళ్ళకి అది చాలినట్టుంది. సరిగ్గా దాని కిందే ఆ తెల్లకోటావిడ. కిందికి పోతే ఇంకో సిరప్పు కూడా. గోపిక అప్పటికి వారం రోజులుగా కాలేజీకి పోవటం లేదని తర్వాత తెలిసింది. చదివి వినిపించింది నేనే కదా అని ఇంట్లో మూల కూర్చుందట.

ఏడుకొండలు గుంటూరులో ముప్పై ఎనిమిది రోజులు ఉన్నాడు. కొత్త మందులు మొదలుపెట్టారు, అవి పనిచేసేంత ఊపిరితిత్తులు అతనికి మిగల్లేదు. రెండుసార్లు చూసి వచ్చాను. రెండోసారి ముఖం పాత ముఖమే అయింది, ఉబ్బు దిగి ఎముకలు తేలాయి. మిషను మీదికి నీళ్ళు వదులుతున్నారా లేదా అని ఫ్యాక్టరీ సంగతి అడిగాడు. వదులుతున్నారని అబద్ధం చెప్పాను. ఆ వారంలోనే పోయాడు.

ఇంకా ఖరీదైన ప్లాను ఉంది, దాంట్లో అసలు యాడ్లు రావని దీపశ్రీ అంది. ఇంతకు ముందు ప్లానుకీ ఆ మాటే అన్నారు, ఇంకో ఏడాదికి ఇంకో పొడుగు మెయిలు పంపరని నమ్మకమేమిటి అన్నాను. వేరే కంపెనీకి మారుద్దామంది. అక్కడా నేను యజమానినే, నాకు కనపడనిది అక్కడా నాకు కనపడదు అన్నాను. ఐదేళ్ళ రాతలు అత్తా అంది. నాకు మాత్రం తెలియదా? ఆ రాతలు చూసి పరీక్షకు వచ్చిన వాళ్ళు ముప్పై మందికి పైనే ఉన్నారు, వాళ్ళలో చాలామంది బాగుపడి పనిలోకి పోతున్నారు. ఒక్కో రాత తీసి జిరాక్సు షాపులో అచ్చు వేయించి, దారంతో కట్ట కట్టాను. తర్వాత బ్లాగు తీసెయ్యమన్నాను. దీపశ్రీ తీసేస్తుంటే నేను చూడలేదు, వంటింట్లోకి పోయాను.

పదకొండో రోజు కర్మ అయిన తర్వాతి ఆదివారం, కాగితాల కట్ట పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. మిషన్లు అప్పుడే ఆపారు. గాలిలో దుమ్ము ఇంకా దిగలేదు, తెల్లగా నిలబడి ఉంది. రోశమ్మ పనిలోకి వచ్చేసింది. కూర్చుంటే జరగదు. షెడ్డు చివర బండ మీద కూర్చుని క్యారేజీ విప్పుతోంది. గోపిక పక్కనే ఉంది, నన్ను చూసి తల దించుకుంది.

నాకు క్షమించమని అడగటం చేతకాదు, జీవితంలో పెద్దగా అడిగింది లేదు. నిలబడే చెప్పాను. ఆ పొడి నేను చెప్పలేదు. కానీ దాన్ని మీ చెవిన వేసిన పేజీ నాది. అక్షరం వదలకుండా చదవమన్నదీ నేనే. గోపిక నేను చెప్పినట్టు చేసింది, తప్పు పిల్లది కాదు. కొందరు అన్నంలో చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నారు.

రోశమ్మే మాట్లాడింది.

"మా ఆడబిడ్డ నాటుమందు తెస్తే గోడవతలికి ఇసిరేశాడమ్మా. మేస్త్రీ గుళికలు తెచ్చినా ముట్టలా. ఈ పొడి చానా చేదు, నోట్లో పోసుకోంగానే కక్కొచ్చేది. అయినా కళ్ళు మూసుకుని తాగేవోడు. ల్యాబమ్మ చెప్పిందంటే చెప్పిందే అనేవోడు. ఇంకెవరు చెప్పినా తాగేవోడు కాదమ్మా."

ఆమె నన్ను నిందించటానికి అనలేదు. మొగుడు ఎంత మాట మీద నిలబడే మనిషో నలుగురిలో చెప్పుకుంటోంది. నిందించి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టేవాళ్ళకి ఎట్లా జవాబు చెప్పాలో నాకు తెలుసు.

తర్వాత ఆమె పక్కనున్న బండ మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "కూర్చోమ్మా. తెచ్చింది చదువు. మళ్ళీ మిషన్లు ఏసేస్తారు," అంది.

కూర్చున్నాను. కట్ట విప్పి మొదటి కాగితం తీశాను. గోపిక తల ఎత్తి చూస్తోంది. కాగితం నెత్తిన ఆ వాక్యం అట్లాగే అచ్చయి వచ్చింది, అక్షరం వదలకుండా చదవండి అని. నేను దాన్ని వదిలేసి, దాని కింది వరుస నుంచి మొదలుపెట్టాను.